కొత్త డెవలపర్ టూల్స్, టెక్ ఈవెంట్లు: నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మే నెల వచ్చిందంటే నా ఫోన్‌కి మెసేజ్‌ల వాన మొదలవుతుంది. గూగుల్ ఐ/ఓ, మైక్రోసాఫ్ట్ బిల్డ్, ఆపిల్ వాళ్ల డబ్ల్యూడబ్ల్యూడీసీ, డెవలపర్ల కోసం పెట్టే ఈ పెద్ద ఈవెంట్లు మే, జూన్ నెలల్లో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రతిదాని మర్నాడూ కాలేజీ జూనియర్లు, పాత ఆఫీసులో కలిసి పనిచేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు అవే డౌట్లు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్తుంటే ఒకరికి చెప్పింది ఇంకొకరికి మర్చిపోతున్నాను, అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి. నేను చాలా ఏళ్లుగా బ్యాకెండ్ పని చేస్తున్నాను, ఆదివారం పొద్దున కాఫీ పెట్టుకుని కొత్త టూల్ ఒకటి విప్పి చూడటం నాకు చాలా ఇష్టమైన పని. ఇక్కడ చెప్పేవన్నీ ఆ అలవాటులోంచి వచ్చినవే.

## వార్త వినగానే

అన్నా, రోజుకో కొత్త టూల్ వస్తోంది. ఇవన్నీ నేర్చుకోకపోతే వెనకబడిపోతానా?

వెనకబడరు. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే టూల్ గిట్. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టింది 2005 ఏప్రిల్‌లో, లైనక్స్ కెర్నల్ వాళ్లు అప్పటిదాకా ఉచితంగా వాడుకుంటున్న బిట్‌కీపర్ అనే అలాంటి టూలే చేజారిపోయింది కాబట్టి. ఇరవై ఏళ్లు దాటినా మనం పొద్దున ఆఫీసుకి వెళ్లి కొట్టే మొదటి కమాండ్ అదే. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ 1970ల నాటిది. గిట్, ఎస్‌క్యూఎల్, లైనక్స్ షెల్, హెచ్‌టీటీపీ ఎలా నడుస్తుందో, ఏదైనా ఒక భాషలో గట్టి పట్టు, ఇవి ఉన్నవాళ్లకి కొత్త టూల్ నేర్చుకోవడం రెండు మూడు రోజుల పని. ఇవి లేకుండా కొత్తవాటి వెంట పరిగెత్తేవాళ్లే ఆర్నెల్లకోసారి మళ్లీ మొదటి మెట్టు మీదికి వస్తున్నారు. టెన్షన్ పడాల్సింది టూల్ తెలియనందుకు కాదు. ఎర్రర్ వస్తే ఎక్కడ వెతకాలో తెలియకపోతే అప్పుడు పడండి.

ఏ ఈవెంట్ తప్పకుండా చూడాలి? దానికోసం రాత్రంతా మేలుకోవాలా?

మేలుకోవద్దు. డబ్ల్యూడబ్ల్యూడీసీ కీనోట్, అంటే మొదటి పెద్ద ప్రసంగం, కాలిఫోర్నియాలో పొద్దున పదింటికి మొదలైతే మనకి రాత్రి పదిన్నర, మర్నాడు టిఫిన్ చేస్తూ రికార్డింగ్ చూసుకోవచ్చు. ఐఫోన్ యాప్‌లు రాసేవాళ్లయితే కీనోట్ వదిలేసినా పర్లేదు, అదే రోజు వచ్చే ప్లాట్‌ఫామ్స్ స్టేట్ ఆఫ్ ది యూనియన్ మాత్రం చూడండి. కీనోట్ కొనేవాళ్ల కోసం, రెండోది రాసేవాళ్ల కోసం. ఆండ్రాయిడ్, వెబ్ పని అయితే ఐ/ఓ. డాట్‌నెట్, అజూర్ అయితే బిల్డ్. క్లౌడ్ వాళ్లకి ఏడాది చివర లాస్ వేగాస్‌లో జరిగే ఏడబ్ల్యూఎస్ రీఇన్వెంట్.

నా మటుకు నాకు వేదికలు లేని ఈవెంట్లే పెద్దవి. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబర్‌లో వస్తుంది. 2024లో 3.13 వచ్చినప్పుడు ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే జీఐఎల్ అనే తాళం లేకుండా నడిచే పైథాన్‌ని ప్రయోగంగా ఇచ్చారు, 2025లో 3.14తో దానికి అధికారిక సపోర్ట్ ఇచ్చారు. అంటే ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లు నిజంగా పక్కపక్కనే పరిగెత్తే రోజు వచ్చేసింది. లైట్లు లేవు, చప్పట్లు లేవు, ఒక రిలీజ్ పేజీ మాత్రమే. మన పనిని పదేళ్లపాటు మార్చేది ఇలాంటిదే.

కీనోట్‌లో చూపించిన డెమో నా లాప్‌టాప్‌లో ఎందుకు అలా పని చేయదు?

మూడు సంగతులు చూడండి. మొదటిది, వాళ్లు "వచ్చేసింది" అన్నారా, "ప్రివ్యూ" అన్నారా. కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్ గిట్‌హబ్ కోపైలట్ 2021 జూన్‌లో ప్రివ్యూగా కనిపించింది, అందరి చేతికీ వచ్చేసరికి 2022 జూన్ అయింది. రెండోది, నెంబర్ దేని మీద కొలిచారు. 2025 మార్చిలో టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ని గో భాషలోకి మారుస్తున్నామని చెప్పినప్పుడు వీఎస్ కోడ్ అనే ఎడిటర్ సొంత కోడ్ మీద టైప్ చెకింగ్ 77.8 సెకన్ల నుంచి 7.5 సెకన్లకి తగ్గిందని చూపించారు. అది నిజమైన కొలతే, కానీ ఆ కోడ్ 15 లక్షల లైన్లు. మీ ప్రాజెక్ట్ ఇరవై వేల లైన్లదై, బిల్డ్‌లో ఎక్కువ టైమ్ ఇమేజ్‌లు కుదించడానికే పోతుంటే మీకు తేడా పెద్దగా తెలియదు. మూడోది, డెమో ఖాళీ ఫోల్డర్‌లో మొదలవుతుంది. మన పని ఎనిమిదేళ్ల కిందట ఎవరో రాసి వెళ్లిపోయిన ఫోల్డర్‌లో మొదలవుతుంది.

## ఈవెంట్‌కి వెళ్లాలనుకుంటే

హైదరాబాద్ దగ్గర్లో వెళ్లదగ్గవి ఏమున్నాయి?

చాలానే ఉన్నాయి. పైథాన్ వాళ్లకి హైద్‌పై గ్రూప్ మీటప్‌లు, పైకాన్ఫ్ హైదరాబాద్ ఉన్నాయి. పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలై ఊళ్లు మారుతూ వస్తోంది, 2018లో, మళ్లీ 2023లో హైదరాబాద్‌లోనే జరిగింది. సర్వర్ల మీద యాప్‌లని నడిపించే కుబర్నెటిస్ వాళ్ల కుబ్‌కాన్ ఇండియా 2024 డిసెంబర్‌లో ఢిల్లీలో మొదటిసారి పెడితే, 2025 ఆగస్టులో మన హైదరాబాద్ హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌కి వచ్చింది. గూగుల్ డెవలపర్ గ్రూపుల డెవ్‌ఫెస్ట్‌లు ఏడాది చివర్లో జరుగుతుంటాయి. ఓపెన్ సోర్స్ మీద మనసున్నవాళ్లు రాత్రి బస్సెక్కి బెంగళూరులో ఎఫ్‌ఓఎస్‌ఎస్ యునైటెడ్ పెట్టే ఇండియాఫాస్‌కి ఒక్కసారైనా వెళ్లండి. స్వేచ్ఛ సాఫ్ట్‌వేర్‌ని, తెలుగుని కలిపి చూడాలనుకునేవాళ్లకి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఉంది, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తేవాలని ఎప్పుడో పూనుకున్నవాళ్లు.

స్టూడెంట్‌ని, టికెట్ కొనే డబ్బు లేదు. ఏం చేయాలి?

వాలంటీర్‌గా వెళ్లండి. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర బ్యాడ్జీలు ఇచ్చే పని చేస్తే వచ్చిన ప్రతి మనిషి మీ ముందునుంచే లోపలికి వెళ్తారు, టికెట్ కొన్నవాళ్లకి కూడా అంతమంది పరిచయం అవరు. పైకాన్ ఇండియా లాంటివాటిలో ఆర్థిక సాయానికి అప్లికేషన్ ఉంటుంది, సిగ్గుపడకుండా పెట్టుకోండి, అది మీలాంటివాళ్ల కోసమే. టాక్స్ చాలావరకు తర్వాత యూట్యూబ్‌లోకి వచ్చేస్తాయి. బ్రస్సెల్స్‌లో ఏటా చలికాలం జరిగే ఫాస్‌డెమ్‌కి అసలు టికెటే లేదు, రిజిస్ట్రేషన్ కూడా లేదు. ఆ వీడియోలు ఇంట్లో కూర్చుని చూసి నేను నేర్చుకున్నది ఇంతా అంతా కాదు.

నాకు ఇంగ్లీష్ తడబడుతుంది అన్నా. అక్కడ ఎవరితో మాట్లాడాలి, ఏం మాట్లాడాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లే ఎక్కువ, అందులోనూ తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు. నా మొదటి కాన్ఫరెన్స్‌లో రెండు రోజులూ వెనక వరసలో కూర్చుని ఎవరితోనూ నోరు విప్పకుండా ఇంటికొచ్చేశాను. మరుసటి ఏడాది టీ లైన్‌లో నా ముందున్నాయన కప్పు అందుకుంటూ "ఏమండీ, ఈ టాక్‌లో ఆ క్యాష్ సంగతి మీకు అర్థమైందా?" అని తెలుగులోనే అడిగాడు. నాకూ అర్థం కాలేదు. ఇద్దరం కలిసి స్పీకర్‌ని వెతుక్కుంటూ వెళ్లాం, ఆవిడ ఓ పావుగంట నిలబడి నా నోట్‌బుక్‌లో బొమ్మ గీసి చెప్పింది. ఆ పేజీ ఇంకా నా దగ్గర ఉంది.

మాట మొదలుపెట్టడానికి గొప్ప వాక్యం అక్కర్లేదు. "మీరు దేనిమీద పని చేస్తున్నారు?" చాలు. ముందు వరసలో ఉన్న పెద్దవాళ్ల దగ్గరికే వెళ్లాలని లేదు, మీ పక్క కుర్చీలో ఉన్నవాళ్లు కూడా మీలాగే ఎవరైనా పలకరిస్తే బాగుండని చూస్తుంటారు.

టాక్ ఇవ్వాలంటే ఎన్నేళ్ల అనుభవం కావాలి?

ఏళ్లతో పని లేదు. ఐదు నిమిషాల లైట్నింగ్ టాక్‌తో మొదలుపెట్టండి, చాలా కాన్ఫరెన్స్‌లలో ఆ రోజే పేరు ఇవ్వొచ్చు. "ఫలానా టూల్ పరిచయం" అని పెట్టకండి, అది డాక్యుమెంటేషన్‌లో ఉంటుంది. "ఈ బగ్ నన్ను మూడు రోజులు తిప్పింది, చివరికి ఇక్కడ దొరికింది" అని చెప్పండి. అది మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు, అందుకే వింటారు.

## టూల్ చేతిలోకి తీసుకున్నాక

ఒక టూల్ నాకు పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

వాళ్ల ట్యుటోరియల్‌తో కాదు, మీ పాత ప్రాజెక్ట్‌తో. నా దగ్గర కరెంటు బిల్లులు లెక్కేసుకోవడానికి ఎప్పుడో రాసుకున్న చిన్న పైథాన్ ప్రోగ్రామ్ ఒకటుంది, ప్రతి కొత్త టూల్‌నీ మొదట దాని మీదే పెడతాను. పెట్టేముందు నోట్‌బుక్‌లో ఒక లైను రాస్తాను: ఇది నాకు ఏ నొప్పి తగ్గించాలి. సాయంత్రానికి రెండో లైను: తగ్గించిందా. నెల తర్వాత మూడో లైను: ఇంకా వాడుతున్నానా. మొదటి లైను రాయలేకపోతే ఆ ఆదివారం ఆ టూల్ ముట్టుకోను, ఎంత పేరున్నదైనా సరే. మూడో లైనులో "లేదు" అని ఉన్నవే ఎక్కువ. అందుకు బాధ లేదు, ఒక్కోసారి పక్కన పెట్టిన టూలే అసలు నొప్పి ఎక్కడుందో చూపిస్తుంది.

పైథాన్‌లో పిప్, కాండా, పోయెట్రీ, ఇప్పుడు యూవీ. ఏది వాడాలి?

ఇవన్నీ వేరేవాళ్లు రాసిన కోడ్ ప్యాకేజీలని దించుకునే టూల్సే. కొత్త ప్రాజెక్ట్ అయితే యూవీ. ఆస్ట్రల్ అనే కంపెనీ 2024 ఫిబ్రవరిలో తెచ్చింది, అంతకుముందు కోడ్‌లో తప్పులు వెతికే రఫ్ అనే లింటర్ తెచ్చిందీ వాళ్లే, రెండూ రస్ట్ భాషలో రాసినవి. వేగం గురించి అందరూ చెప్తారు, నిజమే. ఒకసారి దించుకున్న ప్యాకేజీని ఒకచోట దాచి ప్రతి ప్రాజెక్ట్‌కీ అక్కడినుంచే లింక్ ఇస్తుంది కాబట్టి రెండోసారి రెప్పపాటులో అయిపోతుంది. నాకు నచ్చింది మాత్రం వేగం కాదు. పైథాన్ వెర్షన్‌ని కూడా తనే తెచ్చుకుంటుంది, ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ అని గుర్తుపెట్టే లాక్ ఫైల్ తనే రాస్తుంది. కొత్తగా టీమ్‌లో చేరిన అమ్మాయి మొదటి రోజు మధ్యాహ్నానికి కోడ్ నడిపించగలిగింది, అదే పని ఇదివరకు రెండు రోజులు తీసుకునేది.

ఇక ఉబుంటులో పిప్ కొట్టగానే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్ వస్తోందని వారానికి ఒకరైనా స్క్రీన్‌షాట్ పంపుతారు. అది బగ్ కాదు. ఉబుంటు 23.04, డెబియన్ 12 నుంచి సిస్టమ్ సొంత పైథాన్‌లోకి మనం ప్యాకేజీలు దూర్చకుండా కావాలనే ఆపారు, ఎందుకంటే సిస్టమ్ టూల్స్ కూడా ఆ పైథాన్ మీదే నడుస్తాయి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెట్టి కొట్టేయకండి, దాని పేరులోనే ఉంది ఏం జరుగుతుందో. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే మీ ప్రాజెక్ట్‌కి విడిగా ఒక పైథాన్ గది, చేసుకోండి.

పోయెట్రీతో ఇప్పటికే బాగా నడుస్తున్న ప్రాజెక్ట్ ఉంటే దాన్ని కదపకండి.

వీఎస్ కోడ్ వదిలేసి కర్సర్‌కో జెడ్‌కో మారిపోవాలా?

మారినా పోయేదేం లేదు, ఎందుకో చెప్తాను. ఒకప్పుడు ప్రతి ఎడిటర్‌కీ ప్రతి భాషకీ విడివిడిగా సపోర్ట్ రాయాల్సి వచ్చేది. 2016లో మైక్రోసాఫ్ట్ వాళ్లు లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ బయటపెట్టాక ఒక భాషకి ఒకసారి రాస్తే చాలు, ఏ ఎడిటర్ అయినా వాడుకోవచ్చు. ఈ ఒక్క పద్ధతి వల్లే కొత్త ఎడిటర్లు బతకగలుగుతున్నాయి.

అయితే మారేముందు మీ ఎక్స్‌టెన్షన్లు చూసుకోండి. కర్సర్ వీఎస్ కోడ్‌లోంచి చీలి వచ్చినదే అయినా ఎక్స్‌టెన్షన్లు దొరికే మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ దాని నియమాల ప్రకారం ఆ కంపెనీ ఉత్పత్తులకే పరిమితం, కాబట్టి మీరు రోజూ వాడేది కొన్నిసార్లు అక్కడ దొరకదు. ఇంకో సంగతి, ఎడిటర్‌కి మరీ అతుక్కుపోకండి. ఆటమ్ ఎడిటర్‌ని ఎంతమంది ప్రేమించారో నాకు తెలుసు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. 2022 డిసెంబర్ 15న గిట్‌హబ్ దాన్ని మూసేసింది. దాన్ని కట్టినవాళ్లలో కొందరే ఇప్పుడు జెడ్ కడుతున్నారు, 2024 జనవరిలో దాని సోర్స్ కూడా బయటపెట్టారు. సెట్టింగ్స్ ఫైల్‌ని గిట్‌లో పెట్టుకుంటే ఎప్పుడు ఏది మూతపడినా ఒక సాయంత్రంలో కొత్తింట్లో సర్దుకోవచ్చు.

ఎక్కడ చూసినా "రస్ట్‌లో రాశాం" అంటున్నారు. నేర్చుకోవాలా?

రస్ట్‌లో రాసిన టూల్ వాడటానికి రస్ట్ రానక్కర్లేదు. మెమరీ ఎలా పనిచేస్తుందో లోతుగా తెలుసుకోవాలని ఉంటే నేర్చుకోండి, చాలా బాగుంటుంది. ఉద్యోగం కోసమే అయితే మీ ఊళ్లో, మీ అనుభవానికి తగ్గ ఓపెనింగ్స్ ఎన్ని ఉన్నాయో ముందు వెతికి చూడండి.

## ఏఐ టూల్స్

ఏఐ కోడింగ్ టూల్స్‌తో నిజంగా పని వేగంగా అవుతుందా?

కొన్ని పనులు అవుతాయి, కొన్ని అయినట్టు అనిపిస్తాయి. ఈ తేడా నన్ను బాగా ఆలోచింపజేసింది. 2025 జులైలో మీటర్ అనే పరిశోధన సంస్థ ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టింది. ఏళ్ల తరబడి తమకి బాగా తెలిసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో 16 మంది అనుభవజ్ఞులు 246 పనులు చేశారు, కొన్నిటికి ఏఐ వాడారు, కొన్నిటికి వాడలేదు. మొదలుపెట్టేముందు 24 శాతం టైమ్ ఆదా అవుతుందనుకున్నారు. అయిపోయాక 20 శాతం ఆదా అయిందనుకున్నారు. గడియారం పెట్టి చూస్తే 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. ఇది చిన్న గుంపు, అప్పటి మోడల్స్, బాగా తెలిసిన కోడ్, కాబట్టి అందరికీ ఇలాగే అని చెప్పను. మన "అనిపించడం" మీద మాత్రం ఆధారపడకూడదని అర్థమైంది.

నా అనుభవంలో, తెలియని లైబ్రరీలో మొదటి ఉదాహరణ రాయించుకోవడానికి, టెస్ట్ డేటా తయారు చేయడానికి, పాత షెల్ స్క్రిప్ట్ ఏం చేస్తోందో వివరించమనడానికి ఇవి బంగారం. నాకు కంఠతా వచ్చిన కోడ్‌లో చిన్న మార్పు చేయమంటే మాత్రం, అది రాసింది చదివి సరిచేసే టైమ్‌లో నేనే రెండుసార్లు రాసేస్తాను. స్టాక్ ఓవర్‌ఫ్లో 2025 సర్వేలో 84 శాతం మంది ఏఐ టూల్స్ వాడుతున్నాం లేదా వాడబోతున్నాం అన్నారు, అదే సర్వేలో 46 శాతం మంది అవి ఇచ్చే జవాబుల మీద నమ్మకం లేదన్నారు. ఈ రెండు మాటలూ నావే అనిపిస్తాయి.

ఫ్రెషర్‌ని. ఏఐతో ప్రాజెక్ట్ చేశాను, ఇంటర్వ్యూలో దొరికిపోతానా?

వాడినందుకు దొరికిపోరు, అర్థం చేసుకోకపోతే దొరికిపోతారు. ఇంటర్వ్యూలు తీసుకునేటప్పుడు నేను అడిగేది ఒక్కటే: "ఈ ఫంక్షన్‌లో ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?" అమీర్‌పేటలో నోట్స్ బట్టీ పట్టి వచ్చిన రోజుల్లోనూ ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయేవారు, ఇప్పుడూ ఇక్కడే ఆగిపోతున్నారు. ఒక పని చేయండి. ఏఐ రాసిచ్చిన ఫంక్షన్‌ని చదివి, ఫైల్ మూసేసి, ఖాళీ ఫైల్‌లో మీ చేత్తో మళ్లీ రాయండి. ఎక్కడ ఆగారో అక్కడే మీకు రాని విషయం ఉంది. రోజుకి ఒక్క ఫంక్షన్ ఇలా చేస్తే మూడు నెలల్లో మీ మాటలోనే తేడా వస్తుంది. రెజ్యూమెలో ఏఐ వాడానని దాచకండి, ఎక్కడ వాడారో, అది చేసిన ఏ తప్పు మీరు పట్టుకున్నారో చెప్పండి. ఆ తప్పు పట్టుకున్న కథ వింటే నేను మార్కులు వేసేస్తాను.

ఎంసీపీ ఎంసీపీ అంటున్నారు, అదేంటి?

ఏఐ మోడల్‌కి మీ డేటాబేస్, ఫైళ్లు, టికెట్ సిస్టమ్ లాంటివి అందించడానికి అందరూ ఒప్పుకున్న ఒక మాట్లాడే పద్ధతి. ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో బయటపెట్టింది, తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ చేరాయి. జాగ్రత్త ఒకటే: ఇంటర్నెట్‌లో దొరికిన ఎంసీపీ సర్వర్‌ని ప్రొడక్షన్ డేటాబేస్‌కి, అంటే నిజమైన యూజర్ల డేటా ఉన్నదానికి, తగిలించకండి. మోడల్ చదివే టెక్స్ట్‌లోనే ఎవరో దురుద్దేశంతో ఆదేశాలు దాచిపెట్టొచ్చు, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్‌తో మొదలుపెట్టండి.

తెలుగులో అడిగితే ఈ మోడల్స్‌కి ఎక్కువ ఖర్చవుతుందట, నిజమేనా?

నిజమే, కానీ తగ్గుతోంది. మోడల్స్ టెక్స్ట్‌ని టోకెన్లనే ముక్కలుగా కోసి చదువుతాయి, డబ్బు లెక్క ఆ ముక్కల మీదే. టోకెన్ పట్టికలు ఎక్కువగా ఇంగ్లీష్ చూసి తయారైనవి కాబట్టి మన అక్షరాలు చిన్నచిన్న తునకలైపోయేవి. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్‌ఏఐ వాళ్లు ఒకే వాక్యాన్ని చాలా భాషల్లో పోల్చి చూపించారు. తెలుగులో ఆ వాక్యానికి ఇదివరకు 159 టోకెన్లు పట్టేవి, కొత్త పట్టికతో 45 అయ్యాయి. ఆ ఈవెంట్‌లో అందరూ గొంతు డెమో గురించి మాట్లాడుకుంటుంటే నేను ఈ ఒక్క లైను చూసి సంబరపడ్డాను.

నా యాప్‌లో తెలుగు పేర్లు మధ్యలో తెగిపోతున్నాయి, బగ్ ఎక్కడ?

మీరు అక్షరాలు లెక్కపెడుతున్నాననుకుంటున్నారు, కంప్యూటర్ కోడ్ పాయింట్లు, అంటే యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి ఇచ్చిన నెంబర్లు, లెక్కపెడుతోంది. "లక్ష్మి" తీసుకోండి. మన కంటికి రెండే అక్షరాలు, ల, క్ష్మి. లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం 7 కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. జావాస్క్రిప్ట్‌లో మొదటి మూడు కోసి చూపించమంటే "లక్" అని వస్తుంది. లక్ష్మి గారు మీ యాప్ తెరిస్తే ఆవిడకి కనిపించేది అదీ.

ఇప్పుడు బ్రౌజర్లన్నిటిలో టెక్స్ట్‌ని కంటికి కనిపించే అక్షరాలుగా విడగొట్టే ఇంటిల్ సెగ్మెంటర్ ఉంది, దాంతో కోయండి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల ప్రకారం క్ష్మి లాంటి సంయుక్తాక్షరం విడిపోకుండా ఒకే ముక్కగా ఉంటుంది, పాత లైబ్రరీల్లో ఇంకా విడిపోతుంది, కాబట్టి మీ వెర్షన్‌లో ఓసారి "లక్ష్మి", "జ్ఞానేశ్వర్", "స్త్రీ" పెట్టి చూడండి. ఎస్ఎంఎస్ పంపే సిస్టమ్ అయితే ఇంకో లెక్క ఉంది, మామూలు ఇంగ్లీష్ మెసేజ్‌కి 160 అయితే తెలుగుకి 70 మాత్రమే, దాటితే రెండో మెసేజ్ ఖర్చు.

ఇది చిన్న విషయం అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం వచ్చిన మెసేజ్ తెరిస్తే ఐఫోన్‌లో యాప్‌లు మూతపడిపోయాయి, ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది. మన భాషని మనం పరీక్షించకపోతే ఇంకెవరు పరీక్షిస్తారు?

## ఆఫీసులో పెట్టాలంటే

కొత్త టూల్ అంటే మా మేనేజర్ ఒప్పుకోరు. ఎలా చెప్పాలి?

టూల్ పేరు చివర చెప్పండి. ముందు ఇప్పుడున్న నష్టాన్ని కొలిచి చూపించండి: "మన సీఐ ఒక్కసారి నడవడానికి 14 నిమిషాలు పడుతోంది, రోజుకి 30 సార్లు నడుస్తోంది" అంటే (సీఐ అంటే కోడ్ మారినప్పుడల్లా టెస్టులు తనంతట తనే నడిపే ఏర్పాటు) అది ఆయనకి వెంటనే అర్థమవుతుంది. తర్వాత ఒక్క చిన్న రిపోలో పెడతానని, రెండు వారాల్లో నచ్చకపోతే ఒక్క కమిట్‌తో వెనక్కి తెచ్చేస్తానని చెప్పండి, నిజంగా అలాగే ఉండేట్టు చూసుకోండి. ఆయన భయం కొత్తదనం గురించి కాదు. మీరు సెలవులో ఉన్న రోజు రాత్రి అది పాడైతే ఎవరు చూస్తారన్నదే ఆయన భయం. అందుకే మీతోపాటు ఇంకొకరికి నేర్పించాకే అడగండి.

ఫ్రీ టూలే కదా, ఆఫీసు లాప్‌టాప్‌లో వేసుకోవచ్చుగా?

అడక్కుండా వేయకండి. ఫ్రీ అంటే మీకు ఫ్రీ కావచ్చు, కంపెనీకి కాకపోవచ్చు. డాకర్ డెస్క్‌టాప్ 2021 ఆగస్టులో షరతులు మార్చింది, 250 మంది కన్నా ఎక్కువ ఉద్యోగులో, కోటి డాలర్ల కన్నా ఎక్కువ ఆదాయమో ఉన్న కంపెనీలు డబ్బు కట్టాలి. చాలామంది అప్పటికే ఇన్‌స్టాల్ చేసేసుకుని ఉన్నారు. ఓపెన్ సోర్స్ వేరు, ఊరికే ఇవ్వడం వేరు.

లైసెన్స్ మార్చేశారంటూ గొడవలు జరుగుతుంటాయి కదా, మనకేంటి?

మీ కంపెనీ దాని మీద కట్టుకున్న పని ఎవరి చేతిలో ఉందన్నదే సంగతి. హాషికార్ప్ 2023 ఆగస్టులో, క్లౌడ్ సర్వర్లు సిద్ధం చేసే తన టూల్ టెర్రాఫామ్‌ని ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి వాడకానికి షరతులు పెట్టే బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కి మార్చింది, సెప్టెంబర్‌లోనే దానికి పోటీగా లైనక్స్ ఫౌండేషన్ నీడన ఓపెన్‌టోఫు వచ్చింది. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ అదే దారి పట్టింది, పోటీగా వాల్కీ పుట్టింది, 2025 మేలో రెడిస్ మళ్లీ ఏజీపీఎల్ లైసెన్స్‌తో ఓపెన్ సోర్స్‌లోకి తిరిగొచ్చింది. కంపెనీల మీద నాకు కోపం లేదు, వాళ్లకీ జీతాలివ్వాలి. టూల్ ఎంచుకునేటప్పుడు మాత్రం దాని కాపీరైట్ ఒక్క కంపెనీ దగ్గరుందా, ఫౌండేషన్ దగ్గరుందా అని చూడటం నేను అలవాటు చేసుకున్నాను.

ఎన్‌పీఎం ప్యాకేజీల్లో వైరస్ వచ్చిందని చదివాను. ఇన్‌స్టాల్ చేయాలంటేనే భయమేస్తోంది.

భయం మంచిదే, దాన్ని అలవాటుగా మార్చుకోండి. ఎన్‌పీఎం అంటే జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే చోటు. 2025 సెప్టెంబర్‌లో అక్కడి ప్యాకేజీలు చూసుకునే ఒక మెయింటైనర్‌కి ఎన్‌పీఎం పేరుతో దొంగ మెయిల్ వచ్చింది, ఆయన లాగిన్ దొంగల చేతికి పోయింది. చాక్, డీబగ్ లాంటి, వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లున్న ప్యాకేజీల్లో చెడ్డ కోడ్ చేరింది. కొన్ని గంటల్లోనే పట్టుకున్నారు. ఆ కొన్ని గంటల్లో "లేటెస్ట్" అంటూ ఇన్‌స్టాల్ చేసినవాళ్లే చిక్కుకున్నారు. కాబట్టి లాక్ ఫైల్ గిట్‌లో పెట్టండి, సీఐలో, లాక్ ఫైల్‌లో ఉన్న వెర్షన్లే వేసే ఎన్‌పీఎం సీఐ కమాండే వాడండి, కొత్త వెర్షన్ వచ్చిన రోజే తీసుకోకుండా కొన్ని రోజులు ఆగండి. ఎన్‌పీఎంకి బదులు వాడే పీఎన్‌పీఎంలో ఇప్పుడు దానికి ప్రత్యేకంగా సెట్టింగే ఉంది.

2024 మార్చిలో, ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే టూల్ సంగతి ఇంకా లోతైనది. ఎవరో ఓపిగ్గా రెండేళ్లకు పైగా మంచి మనిషిలా సాయం చేస్తూ, అలసిపోయిన మెయింటైనర్ నమ్మకం సంపాదించి, చివరికి 5.6.0 వెర్షన్‌లో దొంగ తలుపు పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తన మెషిన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఎందుకని వదలకుండా తవ్వి దాన్ని పట్టుకున్నాడు. అర సెకను! ఆ మనిషి "ఏదో నెట్ స్లోగా ఉందిలే" అనుకుని ఉంటే లోకంలో ఎన్ని సర్వర్లు తెరుచుకుని ఉండేవో.

ఓపెన్ సోర్స్‌లో సాయం చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రోజూ వాడే టూల్‌తో. కేవలం టీషర్ట్ కోసమో, గిట్‌హబ్ ప్రొఫైల్‌లో పచ్చ గళ్ల కోసమో రీడ్‌మీలో పేరు మార్చి పుల్ రిక్వెస్ట్ (మీ మార్పు తీసుకోమని అడిగేది) పంపకండి. ఓపెన్ సోర్స్‌కి సాయం చేసినవాళ్లకి టీషర్ట్‌లిచ్చిన 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో అలాంటివి ముంచెత్తితే నిర్వాహకులు మధ్యలోనే నియమాలు మార్చాల్సి వచ్చింది. అవతల ఉన్నది ఒక మనిషి, ఆదివారం కూర్చుని మీది చదువుతున్నారు. ఎవరో పెట్టిన బగ్‌ని మీ మెషిన్‌లో మళ్లీ తెప్పించి, ఏ వెర్షన్‌లో వస్తోంది, ఏ వెర్షన్‌లో రావట్లేదు అని రాసినా అది కోడ్ రాసినంత సాయం. తెలుగు బాగా వచ్చినవాళ్లకి ఫైర్‌ఫాక్స్, వికీపీడియా వెనకున్న మీడియావికీ లాంటివాటి అనువాదాల్లో పని ఎప్పుడూ ఉంటుంది.

నా డౌట్ ఇందులో లేదు. మీకు ఎలా పంపాలి?

ఎర్రర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపకండి, టెక్స్ట్ కాపీ చేసి మొత్తం పంపండి, చివరి లైను ఒక్కటే కాదు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్, టూల్ ఏ వెర్షన్, ఏ కమాండ్ కొట్టారు, నిన్నటిదాకా పనిచేసిందా, ఈ నాలుగూ రాయండి. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసినా సరే. వారంలో పగలు ఆఫీసు పని ఉంటుంది, రాత్రి తొమ్మిది తర్వాత చూస్తాను.